షాపు బోర్డుకు లావు స్లాబ్ సెరిఫ్ ఫాంట్ నప్పుతుందా?

హన్మకొండలో హార్డ్‌వేర్ షాపు పెడుతున్నామని, బోర్డు మీద ఇంగ్లీష్ పేరు బాగా లావు స్లాబ్ సెరిఫ్‌లో కావాలని, కింద తెలుగుకు ఏ ఫాంట్ పెట్టాలని అడిగారు. హార్డ్‌వేర్‌కి స్లాబ్ భలే కుదురుతుంది. అక్షరం కొనలకు ఇటుక ముక్కలు అతికించినట్టు ఉంటుంది కదా, ఇనుము, సిమెంటు అమ్మే షాపని పేరు చదవకముందే తెలిసిపోతుంది. కాకపోతే ముందు ఒకటి తేల్చుకోండి. బోర్డు మామూలు ఫ్లెక్సా, లోపల లైట్లు పెట్టే యాక్రిలిక్ అక్షరాలా?

ఇందులో నేను దెబ్బతిన్నాను. డిజైన్ పని మొదలుపెట్టిన కొత్తలో ఎనుమాముల మార్కెట్ దారిలో ఒక విత్తనాల షాపుకు ఆల్ఫా స్లాబ్ వన్ పెట్టాను. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, స్క్రీన్ మీద పోతపోసినట్టు ఉంటుంది. పగలు అందరూ బాగుందన్నారు. చీకటి పడి ఎల్ఈడీలు వెలిగాక ఓనర్ ఫోన్ చేశాడు. "అన్నా, ఒకసారి వచ్చి రోడ్డవతల నిలబడి చదువు." వెళ్లి చూస్తే 'సీడ్స్'లోని రెండు ఇంగ్లీష్ ఈలూ బీల్లా ఉన్నాయి! ఆ ఫాంట్‌లో ఈ అక్షరానికి మూడు అడ్డగీతలు, వాటి కొనలకు మళ్లీ దిమ్మెలు. మధ్యలో మిగిలేది సన్నని సందు. వెలుగు చెదిరేసరికి అదీ పూడిపోయింది. రెండక్షరాలూ నా డబ్బుతోనే మళ్లీ చేయించాను.

ఫాంట్‌ని తిట్టి లాభం లేదు. ఈ రకం అక్షరాలు 1810ల్లో లండన్‌లో పుట్టాయి, పోస్టర్ల మీద నల్ల సిరాతో అరవడానికి పనికొచ్చాయి. సిరా వెలగదు కాబట్టి సందు సందుగానే ఉంటుంది.

అందుకే ఫ్లెక్స్ అయితే ఆల్ఫా స్లాబే పెట్టుకోండి. లైట్ల బోర్డయితే రోబోటో స్లాబ్‌లో లావు నంబరు 700 దగ్గర ఆగండి, 900 దాకా వెళ్లొద్దు. కంప్యూటర్లో రాక్‌వెల్ బోల్డ్ ఉంటే అదీ మంచిదే, 1934 నాటి డిజైన్. మీ 'హార్డ్‌వేర్'లో ఇంగ్లీష్ ఈ అక్షరం ఒక్కటే, అదీ చివర. అసలు తలనొప్పి హెచ్, ఏ, ఆర్‌లతో. పక్కపక్కనే నిలబడి కాళ్లు తొక్కుకుంటాయి. అక్షరాల మధ్య ఎడం కాస్త పెంచండి.

తెలుగుకు స్లాబ్ వెతక్కండి. మన గుండ్రటి అక్షరాలకు దిమ్మెలు తగిలిస్తే గారెకు మేకులు కొట్టినట్టుంటుంది. ఆకారం కాదు, మందం కలవాలి. తెలుగు తలకట్టు, ఇంగ్లీష్ దిమ్మె దాదాపు ఒకే లావుండేలా సైజు సర్దండి. రామభద్ర ఫాంట్ గానీ బాలూ తమ్ముడు ఫాంట్ గానీ సరిపోతుంది. నాకైతే బాలూనే ఇష్టం, వత్తులు ఇరుక్కోవు. ఫైల్ ఇచ్చేముందు కోరల్‌డ్రాలో కర్వ్స్‌కి (అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా) మార్చండి, లేకపోతే ప్రింటర్ దగ్గర వత్తులన్నీ చెల్లాచెదురవుతాయి.

ఆర్డర్ ఇచ్చేముందు ఒక కాగితం ప్రింట్ తీయండి. బోర్డు మీద అక్షరం అడుగు ఎత్తు, చూసేవాళ్లు అరవై అడుగుల దూరం అనుకుంటే, కాగితం మీద అంగుళం అక్షరాన్ని ఐదడుగుల నుంచి చూసినట్టే. కళ్లు సగం మూసి చూడండి, రాత్రి లైట్లలో ఎలా ఉంటుందో కొంచెం తెలుస్తుంది. పేరు తెలియని మనిషితో చదివించండి, మీరు చదివితే లాభం లేదు.