మాగ్మా ఎలా పుడుతుంది? అగ్నిపర్వతం దగ్గర లావా కంటే ముందు దేనికి భయపడాలి?

భూమి లోపల కరిగిన రాయిని మాగ్మా అంటారు, అది పైకి వచ్చి పారితే లావా. భూమి లోపలంతా కరిగిన రాయేనా, లావా నెమ్మదిగా పారుతుంది కాబట్టి అగ్నిపర్వతం నుంచి నడిచి తప్పించుకోవచ్చా అని అడిగారు. రెండింటికీ జవాబు కాదనే. లావా కంటే ముందు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఈ రెండో అపోహ ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

భూపటలం కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న మాంటిల్ గట్టి రాయే. ద్రవంలో సాగలేని భూకంప ఎస్ తరంగాలు దాని గుండా వెళ్తాయి. వంద కిలోమీటర్ల లోతున వేడి 1,300 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉన్నా అక్కడి రాయి కరగదు. ఒత్తిడి పెరిగేకొద్దీ రాయి కరిగే ఉష్ణోగ్రత కూడా పెరగడమే కారణం.

మరి కరిగేది ఎప్పుడు? వేడి రాయి పైకి జరిగి ఒత్తిడి తగ్గితే కొత్తగా వేడి చేరకపోయినా కరుగుతుంది. ఐస్‌లాండ్, హవాయి అగ్నిపర్వతాలకు మూలం ఇదే. రెండో దారి నీరు. భూమి గట్టి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. సముద్రం అడుగున ఉన్న పలక మరో పలక కిందికి దిగేటప్పుడు తన ఖనిజాల్లో నీటిని మోసుకెళ్తుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆ నీరు విడుదలై పైనున్న మాంటిల్‌లోకి చేరి, రాయి కరిగే ఉష్ణోగ్రతను కొన్ని వందల డిగ్రీలు తగ్గిస్తుంది. జపాన్, ఇండోనేషియా, ఆండీస్ అగ్నిపర్వతాలు ఇలా పుట్టినవే. ఇలా వచ్చిన వేడి మాగ్మా భూపటలంలో ఆగిపోయి చుట్టూ ఉన్న రాళ్లను కరిగించడం మూడో దారి. ఎలా కరిగినా, రాయి మొత్తం కరగదు. కొంత భాగమే కరిగి, తేలిక కాబట్టి రేణువుల మధ్య నుంచి పైకి చేరుతుంది.

ప్రమాదం ఎంతన్నది మాగ్మాలోని సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం), వాయువులు తేలుస్తాయి. బసాల్ట్ మాగ్మాలో సిలికా 50 శాతం లోపు లేదా ఆ చుట్టుపక్కల, వేడి 1,100 నుంచి 1,200 డిగ్రీలు. పలచగా ఉంటుంది కాబట్టి వాయువు సులువుగా బయటపడుతుంది. రయొలైట్ అనే మరో రకం మాగ్మాలో సిలికా 70 శాతం పైన. అది ఎంత చిక్కగా ఉంటుందంటే, పైకి వచ్చేటప్పుడు కరిగి ఉన్న నీరు ఆవిరి బుడగలుగా మారినా తప్పించుకోలేదు. చివరికి ఆ ఒత్తిడికి మాగ్మాయే ముక్కలై బూడిదగా చిమ్ముతుంది.

ఆ బూడిద, వాయువు, రాళ్లు కలిసి కొండ వాలు వెంట దొర్లే పైరోక్లాస్టిక్ ప్రవాహమే అన్నింటిలోకీ ఘోరమైనది. వందల డిగ్రీల వేడి, తరచుగా గంటకు 100 కిలోమీటర్లు దాటే వేగం. 1902 మే 8న కరీబియన్ దీవి మార్టినిక్‌లోని మౌంట్ పెలే అగ్నిపర్వతం నుంచి వచ్చిన అలాంటి ప్రవాహం సెయింట్ పియెర్ పట్టణాన్ని నిమిషాల్లో తుడిచిపెట్టింది, సుమారు 28,000 మంది చనిపోయారు. ఇది కనిపించాక పారిపోవడానికి సమయం ఉండదు. హెచ్చరిక రాగానే ఖాళీ చేయడమొక్కటే మార్గం.

లహార్‌ను, అంటే బూడిద బురద వరదను, చాలామంది లెక్కలోకే తీసుకోరు. 1985 నవంబర్ 13న కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలుడు చిన్నదే. కానీ శిఖరం మీది మంచు కరిగి, రెండున్నర గంటల్లో బురద ఆర్మెరో పట్టణాన్ని ముంచింది. మొత్తం 23,000 మందికి పైగా పోయారు. ఆ ఊరికి ముప్పుందని నెల ముందే తయారైన పటం చూపింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. లహార్ వస్తుంటే లోయ వెంట కిందికి బండిలో పరుగెత్తకండి, పక్కనున్న ఎత్తైన గట్టు ఎక్కండి. విస్ఫోటనం ముగిసిన ఏళ్ల తర్వాత కూడా పెద్ద వాన పడితే పాత బూడిద కదిలి లహార్ రావచ్చు.

బూడిద అంటే కట్టెల బూడిద కాదు, పదునైన గాజు, రాతి పొడి. తడిసిన బూడిద పది సెంటీమీటర్లు పేరుకుంటే చదరపు మీటరుకు 100 నుంచి 200 కిలోల బరువు పడుతుంది. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం బద్దలైన రోజే తుఫాను వచ్చి, తడిసిన బూడిద బరువుకు పైకప్పులు కూలి చాలామంది చనిపోయారు. అందుకే వాన రాకముందే, కొద్దికొద్దిగా పేరుకుంటున్నప్పుడే కప్పు ఊడ్చాలి. దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరిస్తే చాలు, గొట్టంతో తడపకండి, బరువు పెరుగుతుంది. ఊడ్చింది కాలువలోకి తోస్తే అక్కడే గట్టిపడి పూడుకుపోతుంది, సంచుల్లో ఎత్తండి. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు, కళ్లజోడు పెట్టుకోండి, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. కారు అద్దం మీద పొడి బూడిద ఉండగా వైపర్ వేస్తే గీతలు పడతాయి.

ఇక వాయువులు. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, గాలి కంటే బరువు, పల్లపు చోట్ల నిలిచిపోతుంది. 1986 ఆగస్టు 21న కామెరూన్‌లో అగ్నిపర్వత బిలంలో ఉన్న నియోస్ సరస్సు నుంచి వెలువడిన ఈ వాయువుకు దాదాపు 1,700 మంది ఊపిరాడక చనిపోయారు. అగ్నిపర్వత ప్రాంతంలో ఏ గుంతలోనైనా జంతువులో మనుషులో పడిపోయి కనిపిస్తే, శ్వాస పరికరం లేకుండా కిందికి దిగకండి. కాపాడబోయినవాళ్లూ అక్కడే కుప్పకూలుతారు.