మేనకోడలికి ఉత్తరం: సర్పంచి ఓటు దగ్గర మొదలుపెట్టు

అనంతపురం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మామ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కర్నూలులో నువ్వూ, నీతోపాటు కళాశాలలో పాఠాలు చెప్పే మరో ఐదుగురూ కలిసి ఎన్నికల పద్ధతి మార్పు కోసం సంఘం పెట్టాలనుకుంటున్నారనీ, తొలి కార్యక్రమంగా నగరంలో హాలు తీసుకొని, పార్టీకి వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే దామాషా ప్రాతినిధ్యం మీద సభ జరపాలనుకుంటున్నారనీ రాశావు. సంఘం తప్పకుండా పెట్టండి. సభ మాత్రం ఇప్పుడు వద్దు. వద్దని ఎందుకంటున్నానో చెప్పాలంటే నా పాత పొరపాటు ఒకటి చెప్పుకోక తప్పదు.

బడిలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే, మీలాగే ఉత్సాహపడి, నేనొక సభ పెట్టాను. జర్మనీలో ఓటరు రెండు ఓట్లు ఎలా వేస్తాడో, 1993లో న్యూజిలాండ్ ప్రజలు ప్రజాభిప్రాయ సేకరణలో, అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే తమ పాత పద్ధతిని ఎలా వదులుకున్నారో, 1999లో జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి నాయకత్వంలోని లా కమిషన్ తన 170వ నివేదికలో లోక్‌సభకు అదనంగా కొన్ని స్థానాలు కల్పించి వాటిని పార్టీల జాబితాల ద్వారా నింపాలని ఎందుకు చెప్పిందో గంటన్నరసేపు వివరించాను. వచ్చినవాళ్లలో సగంమంది నా పాత విద్యార్థులు, మిగిలిన సగం వాళ్లు తీసుకొచ్చిన స్నేహితులు. అంతా అయ్యాక వెనక వరసలో కూర్చున్న ఒక పెద్ద రైతు లేచి, "అయ్యవారూ, ఇదంతా మీతో ఏ పార్టీవాళ్లు చెప్పిస్తున్నారు?" అని అడిగాడు. ఆయన వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మన కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ఓటు గురించి నోరు విప్పిన ఎవరినైనా జనం ముందు ఆ గాటనే కడతారని, ఆ అనుమానం తీరేదాకా మిగతా మాటలేవీ చెవికెక్కవని ఆనాడు నాకు అర్థమైంది.

కాబట్టి ఓట్లకూ సీట్లకూ పొంతన లేదని చూపే అసెంబ్లీ లెక్కలు చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క ఎన్నిక లెక్క ఎప్పుడూ చెప్పకు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు వస్తే 175 స్థానాల్లో 23 దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు అంతే శాతం ఓట్లు వస్తే 11 దక్కాయి. 2019లో ఉమ్మడి కర్నూలు జిల్లాలోని 14, ఉమ్మడి కడప జిల్లాలోని 10 స్థానాలూ ఒకే పార్టీ గెలుచుకుంది. 2024లో ఉమ్మడి అనంతపురం జిల్లాలోని 14 స్థానాలూ అవతలి కూటమికి పోయాయి. ఈ రెండు ఎన్నికల లెక్కలనూ ఒకే ఊపిరిలో, ఒకదాని వెంట ఒకటి చెప్పావంటే, ఇది ఒకరి ఓటమికి ఏడ్చే ఏడుపు కాదని విన్నవాడికి తెలుస్తుంది. ఒకటి చెప్పి ఊపిరి పీల్చుకున్నావంటే మాత్రం ఆ కాస్త సందులోనే నిన్ను ఒక పార్టీలో చేర్చేస్తారు.

అసలు విషయం ఇది. దామాషా పద్ధతి రావాలంటే పార్లమెంటు కదలాలి, లోక్‌సభకైనా శాసనసభకైనా ప్రాదేశిక నియోజకవర్గాల నుంచి ప్రత్యక్ష ఎన్నిక అని రాజ్యాంగంలో ఉన్న ఏర్పాటును దాటే దారి వెతకాలి. కర్నూలులోని ఆరుగురు అధ్యాపకుల చేతికి అది అందదు. కానీ రాజ్యాంగంలోని 243సి అధికరణం అయిదో ఖండం చదువు. గ్రామ పంచాయతీ అధ్యక్షుణ్ణి ఏ పద్ధతిలో ఎన్నుకోవాలో నిర్ణయించే అధికారం రాష్ట్ర శాసనసభకే ఉందని అందులో స్పష్టంగా ఉంది. అంటే సర్పంచి ఎన్నికలో ఓటరు ఒక ముద్ర వేసి ఊరుకోకుండా, అభ్యర్థుల గుర్తుల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాసే పద్ధతి పెట్టాలంటే 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టాన్నీ దాని కింది నియమాలనూ మార్చితే చాలు, ఢిల్లీ దాకా పోనక్కరలేదు. పైగా 2021 ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికలు బ్యాలెట్ కాగితాలతోనే జరిగాయి కనుక యంత్రాలు మార్చే ఖర్చూ లేదు, సర్పంచి పదవికి పార్టీ గుర్తులు ఉండవు కనుక "ఏ పార్టీ" అన్న ప్రశ్న పదునూ కొంత తగ్గుతుంది. మీ సంఘం అడగవలసింది ఈ ఒక్క మార్పునే. ఇక్కడొక జాగ్రత్త: ఒకే పదవి ఉన్నచోట దామాషా అన్న మాటకు అర్థం లేదు, అక్కడ ఉండేది ప్రాధాన్యతా ఓటు. ఈ రెంటినీ కలగలిపి మాట్లాడావంటే ఏ న్యాయవాదో లేచి నిన్ను రెండు నిమిషాల్లో కూర్చోబెడతాడు.

ఊళ్లోకి వెళ్లాక ప్రాతినిధ్యం, సంస్కరణ, వ్యవస్థ అన్న మాటలు సంచీలోనే ఉంచు. అక్కడ అందరికీ తెలిసిన మాట "ఓట్లు చీల్చడం." నేను చాలా పంచాయతీ ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా కూర్చున్నాను. మధ్యాహ్నం పోలింగు ముగించి, అదే బడిలో కట్టలు కట్టి లెక్కపెడుతుంటే ఎన్నోసార్లు ఒకటే కథ కనిపించేది. బలమైన మనిషి ఒకడు, అతనికి ఎదురు నిలిచినవాడు ఒకడు, ఆ ఎదురు నిలిచినవాడి వీధి నుంచి, అతని కులం నుంచి ఎవరో డబ్బిచ్చి నిలబెట్టిన ఇద్దరు. ఊళ్లో సగానికి మించి జనం వద్దనుకున్న మనిషే, వద్దనుకున్నవాళ్ల ఓటు మూడు ముక్కలైనందువల్ల, దండ వేయించుకొని బయటికి నడిచేవాడు. ప్రాధాన్యతా ఓటు ఉంటే ఆ ఇద్దరిని నిలబెట్టడానికి ఖర్చయిన డబ్బు దండగ, ఎందుకంటే ఎవరికీ సగం దాటనప్పుడు అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చినవాళ్లుగా వాళ్లు పోటీలోంచి తొలగిపోయి, వాళ్లకు పడిన ఓట్లు రెండో అంకె ఎవరికి రాశారో వాళ్లకు చేరతాయి. ఈ ఒక్క సంగతి అర్థమైతే చాలు, ఊళ్లో మిగతాది వాళ్లే మాట్లాడుకుంటారు. దీనివల్ల డబ్బు పంపకం ఆగుతుందనీ, బెదిరించి చేయించే ఏకగ్రీవాలు ఆగుతాయనీ మాత్రం పొరపాటున కూడా చెప్పవద్దు. ఆగవు. ఒక్కడే నామినేషన్ వేసిన ఊళ్లో ఏ పద్ధతైనా ఒకటే.

చెప్పడం కన్నా చేయించడం మేలు. మనుషుల పేర్లతో నమూనా ఎన్నిక పెడితే గొడవలు లేస్తాయి, అందుకని పంచాయతీ నిధులతో ముందు ఏ పని చేయించాలన్నదాని మీద పెట్టు. ఒక ఊళ్లో నేను బోరు, సిమెంటు రోడ్డు, శ్మశానానికి దారి, వీధి దీపాలు అని నాలుగు బొమ్మలు గీయించి అరవైమందికి చీటీలు ఇచ్చాను. మొదటి ప్రాధాన్యం లెక్కిస్తే బోరుకు 22, రోడ్డుకు 17, శ్మశానం దారికి 12, దీపాలకు 9 వచ్చాయి. ఇప్పటి పద్ధతి అయితే బోరే గెలిచింది. ఆ బోరు ఎవరి వీధిలో పడుతుందో అక్కడున్న అందరికీ తెలుసు, అందుకే ఆ వీధివాళ్లు చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లు కొట్టలేదు. అప్పుడు దీపాల కుప్పలోని 9 చీటీలు తీసి, రెండో అంకె చూసి పంచాము. అయిదు రోడ్డుకు, మూడు శ్మశానం దారికి, ఒకటి బోరుకు పోయాయి. తరువాత శ్మశానం దారి కుప్పలోని 15 చీటీలు తీస్తే 12 రోడ్డుకు, 3 బోరుకు చేరాయి. చివరికి రోడ్డుకు 34, బోరుకు 26. సగానికి మించి కావాలంటే 31 చాలు. చీటీలు చేతులు మారుతున్నప్పుడు ఒక ముసలావిడ దగ్గరికి వచ్చి, తన చీటీ ఏ కుప్పలో ఉందో చూపించమని పట్టుబట్టింది. చీటీ మీద పేరు ఉండదమ్మా అంటే నమ్మలేదు. నువ్వు చేయించేటప్పుడు కుప్పలను బల్ల మీద కాకుండా అందరికీ కనిపించేలా నేల మీద చాప పరచి పెట్టు, లెక్క గట్టిగా చదివేపని ఆ ఊరి పిల్లలకే ఇవ్వు.

రచ్చబండ దగ్గర కన్నా పొదుపు సంఘాల సమావేశాల్లో ఇది బాగా సాగుతుంది. అప్పుల వాయిదాలు లెక్కవేసుకునే ఆడవాళ్లకు ఈ పంపకం చిటికెలో పట్టుబడుతుంది, మగవాళ్ల గుంపులో అయితే మొదటి అయిదు నిమిషాల్లోనే ఎవడో పాత కక్ష తవ్వుతాడు. కాలం కూడా చూసుకో. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లకు మిరప కోతల రోజుల్లో వెళ్లావంటే సగం ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి, జనం గుంటూరు దిక్కు వలస పోయి ఉంటారు. వాన పడి విత్తనం వేసే రోజుల్లో మా అనంతపురం పల్లెల్లో నీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. ఉగాది ముందూ వెనకా మంచిది. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్న రోజుల్లో మాత్రం సంచీ కట్టిపెట్టి ఇంట్లో కూర్చోండి.

నిన్ను అడిగే ప్రశ్నల్లో గట్టిది ఒకటే: చదువురానివాళ్లు అంకెలు ఎలా రాస్తారు? దీన్ని తేలిగ్గా తీసిపారేయకు, ఎందుకంటే 1949 జనవరి 4న రాజ్యాంగ సభలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా పద్ధతి కోసం సవరణ ప్రతిపాదించినప్పుడు అంబేద్కర్ దాన్ని కాదన్నది ఈ కారణంతోనే, దానితోపాటు ప్రభుత్వాలు నిలకడగా ఉండవన్న భయంతో. 1951 జనగణనలో దేశంలో అక్షరాస్యులు 18 శాతం. ఆనాటికి ఆయన మాట సరైనదే. 2011 నాటికి కర్నూలు జిల్లాలోనే అది 60 శాతం దగ్గరికి వచ్చింది. అయినా మిగిలిన 40 శాతాన్ని నువ్వు లెక్కలోంచి తీసేయలేవు, కనుక మీ విన్నపంలోనే ఒక మాట ఉండాలి: ఒక్క అంకె మాత్రమే రాసినా ఆ ఓటు చెల్లాలి, పాత అలవాటుకొద్దీ ఒక గుర్తు మీద ముద్రో టిక్కో పెట్టినా దాన్ని మొదటి ప్రాధాన్యంగానే తీసుకోవాలి. ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓట్లు లెక్కించే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, డిగ్రీలు చేసినవాళ్లే టిక్కులు పెట్టి, "ఒకటి" అని అక్షరాల్లో రాసి, పోలింగు కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్ను వదిలి జేబులో పెన్ను వాడి కట్టలకు కట్టలు చెల్లని ఓట్లు చేయడం చూశాను. తప్పు చదువులేమిది కాదు, కఠినమైన నియమానిది.

రెండో అంకెకు బలముంటుందని నమ్మనివాళ్లకు మన గడ్డమీది కథలు రెండు చెప్పు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో మన ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డికీ వి.వి.గిరికీ ఎవరికీ మొదటి ప్రాధాన్యంలో సగం దాటలేదు. మిగతా అభ్యర్థులను తొలగించి వాళ్ల ఓట్లు పంచితే, ఎక్కువ భాగం సంజీవరెడ్డికే వచ్చినా గిరిని అందుకోలేక 4,05,427 దగ్గర ఆగిపోయారు, గిరి 4,20,077తో గెలిచారు. 2023 మార్చిలో మన కడప, అనంతపురం, కర్నూలు పట్టభద్రుల స్థానంలో దానికి తలకిందులుగా జరిగింది. మొదటి ప్రాధాన్యంలో ముందున్న వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిని, తొలగిన అభ్యర్థుల ఓట్ల పంపకం తరువాత తెలుగుదేశం అభ్యర్థి దాటిపోయారు. ముందున్నవాడు ఒకసారి నిలిచాడు, ఒకసారి ఓడాడు. పద్ధతి ఎవరి పక్షమూ కాదని ఈ రెండూ కలిసి చెబుతాయి. అలాగే, రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేటప్పుడు మన ఎమ్మెల్యేలు రాసేది కూడా ఈ 1, 2, 3 అంకెలే. తమకు మంచిదైన పద్ధతి ఊరి ఓటరుకు ఎందుకు పనికిరాదో వాళ్లనే మర్యాదగా అడగవచ్చు. నేనైతే ముందు పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీల దగ్గరికి పోతాను, ఎందుకంటే ఈ లెక్క వాళ్ల గెలుపోటముల్లో ఇంకిపోయింది, కొత్తగా వివరించవలసిన పని లేదు.

విన్నపం ఒక పేజీ దాటకూడదు. గ్రామసభలో తీర్మానం చేయించగలిగిన ప్రతి ఊరి తీర్మానం నకలూ దానికి జతచేసి, శాసనసభ పిటిషన్ల కమిటీకి, పంచాయతీరాజ్ మంత్రికి, మీ మూడు నియోజకవర్గాల ఎమ్మెల్యేలకు, పాలకపక్షమా ప్రతిపక్షమా అని చూడకుండా ఒకే రోజు అందేలా పంపు. గ్రామసభ తీర్మానం ప్రభుత్వాన్ని కట్టిపడేయదు, ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. కానీ పది ఊళ్ల తీర్మానాలున్న కాగితాన్ని ఏ గుమాస్తా అయినా చింపేయడానికి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. సొసైటీగా రిజిస్టరు చేయడానికి ఏడుగురు సభ్యులు కావాలి, మీరు ఆరుగురే ఉన్నారు. ఆ ఏడో మనిషిని మీ కళాశాల బయట, వీలైతే మీ ఆరుగురూ ఓటేయని పార్టీకి ఓటేసే మనిషిని వెతకండి. చందాలు సభ్యుల దగ్గరే తీసుకోండి. సర్పంచిగా నిలబడాలనుకునేవాడు టీ ఖర్చు ఇస్తానన్నా వద్దనండి.

నా నమూనా చీటీల అచ్చు, నాలుగు బొమ్మల అట్టలు, పాత గుడ్డ సంచీ బీరువాలో ఉన్నాయి. ఆర్టీసీ కార్గోలో మీ కళాశాల చిరునామాకు పంపుతున్నాను. బోరు బొమ్మ కొంచెం చెరిగిపోయింది, మళ్లీ గీయించుకో. మొదటి ఊళ్లో లెక్క అయ్యాక ఏ కుప్ప ఎంత వచ్చిందో, ఎవరు అలిగారో నాకు రాయి.

ఇట్లు
మీ మామ