అలాస్కా ఫొటోలు కూడు పెడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎఫ్-1 వీసా మీద డేటా సైన్స్‌లో ఎంఎస్ చేస్తోంది. వేసవిలో స్నేహితులతో అలాస్కాలోని దెనాలి నేషనల్ పార్కు చూసొచ్చినప్పటి నుంచి, చదువు మానేసి అక్కడే ప్రకృతి ఫొటోగ్రాఫర్‌గా స్థిరపడతానంటోంది. మాకు ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?
- ఓ తండ్రి, గుంటూరు

జవాబు: అమ్మాయి ఇష్టాన్ని తీసిపారేయకండి. కానీ చదువు మానేస్తే వీసా హోదా పోతుంది, అలాస్కాలో ఉండటానికే వీలుండదు. చదువుతున్నప్పుడైనా, అనుమతి లేకుండా క్యాంపస్ బయట డబ్బు తీసుకుని పనిచేయకూడదు. పెళ్లి ఫొటోలకైనా, ఎలుగుబంటి ఫొటోలకైనా అదే రూలు. ఒక్క ఫొటో అమ్మాలన్నా ముందు యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసును అడగమనండి.

డిగ్రీ అయ్యాక ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం అమెరికాలో పనిచేయడానికి విద్యార్థులకిచ్చే అనుమతి) మీద చేసే ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. డేటా సైన్స్ చదివి ఫొటోగ్రాఫర్‌గా చేరతానంటే కుదరదు. అడవిలో అమర్చిన కెమెరా ట్రాప్‌ల (జంతువు కదలగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) నుంచి వచ్చే లక్షల ఫొటోల్లో ఏది తోడేలో, ఏది కారిబూనో (ఓ రకం జింక) కంప్యూటర్‌తో గుర్తించే పని మాత్రం ఆమె చదువుకు అతికినట్టు సరిపోతుంది. వన్యప్రాణి పరిశోధకులకు అలాంటివాళ్లు కావాలి. నేనైతే ఆ దారినే పట్టమంటాను.

ఫొటోల మీదే బతకడం ఎందుకు కష్టమో కూడా చెప్పాలి. అక్కడ పూలు ఎక్కువగా జూన్, జులైల్లోనే పూస్తాయి. 6,190 మీటర్ల దెనాలి శిఖరం వేసవిలో చాలా రోజులు మబ్బుల చాటునే ఉంటుంది. పార్కు రోడ్డు మీద సొంత కారును మొదటి 15 మైళ్ల వరకే రానిస్తారు, ఆపైన బస్సే. ఎలుగుబంటికి 300 గజాల దూరం పాటించాలి, డ్రోన్ ఎగరేయకూడదు. ఇన్ని తిప్పలు పడి తీసినా, శిఖరం ఫొటోలు ఇప్పటికే కుప్పలుతెప్పలుగా ఉన్నాయి.

తక్కువగా దొరికేవి నేలకు అంటుకుని పెరిగే చిన్న మొక్కల కథలు చెప్పే ఫొటోలు. డ్రయాస్ అనే చిన్న తెల్లపువ్వు సూర్యుడి వైపు తిరుగుతూ మధ్యలో వేడి పోగేసుకుంటుంది, ఆ వెచ్చదనం కోసం పురుగులు వచ్చి వాలతాయి. ఇది తెలిసినవాళ్లు పువ్వుతో పాటు పురుగు కోసం కూడా కాచుక్కూర్చుంటారు. అలాంటి ఫొటోకు పత్రికల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ చోటుంటుంది.

జపాన్‌కు చెందిన వన్యప్రాణి ఫొటోగ్రాఫర్ మిచియో హోషినో విద్యార్థిగా 1973లో షిష్మరెఫ్ అనే అలాస్కా పల్లెలో ఒక వేసవి గడిపారు. 1978లో మళ్లీ వెళ్లి ఫెయిర్‌బ్యాంక్స్‌లోని యూనివర్సిటీలో వన్యప్రాణి నిర్వహణ కోర్సులో చేరారు. పెద్ద ఫొటోగ్రాఫర్‌గా పేరొచ్చింది ఆ తర్వాతే. 1996లో రష్యాలోని కామ్చాట్కాలో ఎలుగుబంటి దాడిలో చనిపోయారు. తండ్రిగా మీ దగ్గర ఈ సంగతి దాచి సలహా ఇవ్వడం నాకు నచ్చదు.

ఎంఎస్ పూర్తి చేయమనండి. ఈలోగా తాను తీసిన పూల ఫొటోలన్నిటికీ పేర్లు, తేదీలు, చోట్లు రాసిపెట్టి, కెమెరా ట్రాప్‌ల మీద పనిచేసే ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టమనండి. విద్యారుణం ఉండగా పెద్ద లెన్సు కోసం మీరు మరో అప్పు చేయొద్దు. అమెరికాలో అవి అద్దెకు దొరుకుతాయి.