ఊరి ఫౌండేషన్‌కు జీతమిచ్చి మేనేజర్‌ను పెట్టుకోవాలా?

పదేళ్లుగా స్నేహితులంతా కలిసి నడుపుకుంటున్న ఫౌండేషన్‌కు జీతం మీద మనిషిని పెడితే ఊళ్లో మాట రాదా అని అడిగారు. వస్తుంది. మాకూ వచ్చింది. అయినా పెట్టుకోండి.

మాది గోదావరి జిల్లాలో హైస్కూలు పూర్వ విద్యార్థుల ట్రస్టు. ఆరేళ్లు నేనే కోశాధికారిని. అంటే ఏముంది, మా బీరువాలో ఒక రెక్సిన్ సంచి, అందులో రసీదు పుస్తకాలు, ఎఫ్‌డీ కాగితాలు. స్కాలర్‌షిప్ ఎవరికివ్వాలో అధ్యక్షుల వారికి నోటికి తెలుసు.

మేం మేనేజర్‌గా తీసుకున్నావిడ బ్యాంకులో వీఆర్‌ఎస్ తీసుకున్న మనిషి. మొదటి నెల ఒక్క రూపాయి విరాళం తేలేదు, ఆ సంచి ముందేసుకుని కూర్చున్నారు. ఒకరోజు ఫోన్. "సార్, ఈ ఎఫ్‌డీ వడ్డీ ఎవరూ ముట్టుకోలేదేం?" చూస్తే, టైపింగ్ లోయర్ పరీక్ష ఫస్ట్‌క్లాసులో పాసైనవారికి బహుమతి అని రాసుంది. ఊళ్లో టైప్ ఇన్‌స్టిట్యూట్ ఎప్పుడో మూతపడింది! దాత కాకినాడలో కూతురి దగ్గరున్నారు. ఆవిడే వెళ్లి, కంప్యూటర్ కోర్సు ఫీజులకు వాడుకోవచ్చని రాయించుకొచ్చారు. 1914లో అమెరికాలో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ పెట్టింది కూడా ఈ చిక్కు చూసే. వీలునామా రాసినాయన పోయి కాలం మారినా డబ్బు ఆ పాత మాటకే కట్టుబడి పడుండకూడదని.

అసలు గొడవ డాలర్ల దగ్గరొచ్చింది. అధ్యక్షుల మేనల్లుడు అమెరికా నుంచి ఐదు లక్షలు పంపుతానన్నాడు. "పాస్‌పోర్టు ఏ దేశానిది?" అన్నారావిడ. ఇండియన్ పాస్‌పోర్టున్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. పౌరసత్వం మారితే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి కావాలి, 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. మాకు రెండూ లేవు, మేనల్లుడిదేమో అమెరికా పాస్‌పోర్టు. వద్దని ముఖానే చెప్పేశారు. అధ్యక్షులవారు రెండు మీటింగులకు రాలేదు.

విరాళాలు పెరిగింది ఆ తర్వాతే. పాన్ నంబర్లు సేకరించి, దాతలు అడక్కముందే ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ సర్టిఫికెట్లు పంపడం మొదలుపెట్టారు. ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వసాగారు.

జీతం మాత్రం విరాళాల్లోంచి తియ్యకండి. మేం నలుగురం మూడేళ్లకు సరిపడా విడిగా వేసుకున్నాం, ఊళ్లో నోళ్లు కాస్త మూతపడ్డాయి. చెక్కుల మీద సంతకాలు కమిటీవే ఉంచుకోండి.

ఆవిడ మీద నేనూ ఒకసారి అలిగాను. మా అన్నయ్య మనవడి స్కాలర్‌షిప్ ఫారం నా చేత్తో ఇస్తే, "ఆదాయ ధ్రువపత్రం లేదు సార్" అని వెనక్కిచ్చారు. అది తెచ్చేలోగా గడువు దాటింది. ఆ ఏడాది వాడికి రాలేదు.