పాలిటిక్స్ ఇంట్రెస్ట్ లేదన్నావు కదా, దాని గురించే

చిట్టీ,

మొన్న ఫోన్లో "నాకు పాలిటిక్స్ ఇంట్రెస్ట్ లేదు పెదనాన్నా, వదిలెయ్" అన్నావు, మీ పెద్దమ్మ అన్నానికి పిలిచిందని అప్పటికి ఊరుకున్నా గానీ వదల్లేదులే, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా.

ఇంట్రెస్ట్ లేకపోతే తప్పేం కాదు. ముప్పై మూడేళ్లు గవర్నమెంటు టీచర్‌గా చేశా, మాకు ఏ పార్టీలోనూ చేరకూడదని, ప్రచారం చెయ్యకూడదని రూలు. ఊళ్లో రెండు వర్గాలవాళ్లూ మన అరుగు మీద టీ తాగి వెళ్లేవాళ్లు, నేను ఎవరి జెండా పట్టలేదు. కానీ జెండా పట్టకపోవడం వేరు, ఏం జరుగుతోందో చూడకపోవడం వేరు, నువ్వు రెండూ కలిపేస్తున్నావు.

ఎలక్షన్ డ్యూటీలు చాలా చేశా కదా, ఒకటి చెప్తా. 2013కి ముందు నోటా బటన్ లేదు, ఎవరికీ వెయ్యనంటే 49-ఓ రూలు కింద రిజిస్టర్లో రాయించి సంతకం పెట్టాలి, అదీ పార్టీల ఏజెంట్లందరి ముందూ. ఓసారి నా బూత్‌కి ఒక పెద్దాయన ఎండలో క్యూలో నిలబడి వచ్చి, వేలికి సిరా కూడా వేయించుకుని, "ఎవరికీ వెయ్యనండీ, ఎక్కడ సంతకం పెట్టాలి?" అన్నాడు, ఏజెంట్లు ఎగాదిగా చూశారు, నేనైతే ఆ రూలు బుక్కులో వెతుక్కున్నా. దూరంగా ఉండటమంటే అది, సెలవిచ్చారని ఇంట్లో పడుకోవడం కాదు. ఇప్పుడైతే గుట్టుగా బటన్ నొక్కొచ్చు, కాకపోతే అసెంబ్లీకైనా లోక్‌సభకైనా నోటాకి ఎన్ని పడ్డా అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు, అది తెలిసే నొక్కు.

టీవీ డిబేట్లు చూడకు, నేనూ చూడను. ఫ్యామిలీ గ్రూపు మ్యూట్‌లో పెట్టు, మీ బాబాయి ఫార్వర్డ్‌లకి సమాధానం చెప్పడం మొదలెడితే నీ ఉద్యోగం పోతుంది. ఓటు మాత్రం ఎక్కడుంచుకుంటావో తేల్చుకో. మీ హైదరాబాద్‌లో 2020 జీహెచ్ఎంసీ ఎలక్షన్లో సగం మంది కూడా వెయ్యలేదు, ఇక్కడ ఆంధ్రలోనేమో 2024లో 80 శాతం దాటింది, బస్సుల్లో నిలబడి మరీ వచ్చారు జనం. అక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8, రెండు చోట్లా ఉంచుకోకూడదు. తమ్ముడికి పద్దెనిమిది నిండగానే ఫారం 6 పెట్టించు, ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖులు నాలుగూ వయసు లెక్కలోకి తీసుకుంటున్నారు. మా రోజుల్లో ఓటుకి 21 నిండాలి, 1989లో గానీ 18 చెయ్యలేదు.

ఇంకోటి, గాంధీ జయంతికి ఊరొస్తావు కదా, ఆ రోజు గ్రామసభకి నాతో రా. పోయినసారి ఇరవై మందిమి కూడా లేం, మన వీధి తూము పని వేరే వీధికి రాసేశారు, అడిగినవాడు లేడు, సంతకాలు మాత్రం తర్వాత ఇళ్లకి తిరిగి పెట్టించుకున్నారు. నన్ను కూడా అడిగారు. నేను పెట్టలేదని మీ పెద్దమ్మకి ఇప్పటికీ కోపమే, ఆ సంగతి నువ్వు ఎత్తకు.

పెదనాన్న