మీరడిగారు, నేను చెప్తున్నా: రోసా పార్క్స్ ఫోటో, పిలకాయల ఫోన్లు, ఒంటి రంగు

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ చూస్తే ఇంగ్లీష్ క్లాసు, సెల్‌ఫోను, నలుపు తెలుపు గొడవ, ఈ మూడూ కలిసినవే ఎక్కువొచ్చినయ్. వాటిలో నాలుగు తీసి ఇక్కడ పెట్టా. పేర్లెవరూ వెయ్యొద్దన్నారు, వెయ్యలేదు.

ప్రశ్న: అమ్మా, నేను చీమకుర్తి వైపు ఒక హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తా. జాతి సమానత్వం మీద పాఠం చెప్తూ, అమెరికాలో బస్సులో తెల్లాయనకి సీటు ఇవ్వనన్న నల్లామె రోసా పార్క్స్ గురించి నెట్లో చూసి రాసుకురమ్మంటే క్లాసంతా ఒకటే పేరా, ఒకటే ఫోటో. చదవరా అంటే రాసినోడికే నోరు తిరగలా. సర్లే అని క్లాసులో ఉండే పెద్ద టచ్ స్క్రీన్, అదే ఐఎఫ్‌పీ ప్యానెల్ మీద ఆ రోజుల్లో నల్లవాళ్ళ ఫోటోలు వేస్తే వెనక బెంచీ వాళ్ళు ఒక పిల్లోడి పేరు పెట్టి అరిచి నవ్వారు, వాడు క్వారీ పనికొచ్చిన ఒడిశా వాళ్ళ అబ్బాయి. నాకేం చెయ్యాలో తోచక పాఠం ఆపి గ్రామర్ మొదలుపెట్టా. ఇంక ఈ ఇంటర్నెట్ జోలికి పోకుండా పుస్తకంలో ఉన్నంత చెప్పి వదిలేస్తే పోదా?

జవాబు: వదిలేయొద్దు సార్. అందరూ ఒకటే పేరా తెచ్చారంటే తప్పు పిలకాయలది కాదు, ప్రశ్నది. "ఫలానా ఆమె గురించి రాసుకురా" అంటే పైన కనపడ్డ లింకు నొక్కి ఎత్తి రాసేస్తారు, ఫోన్లు రాకముందు గైడు చూసి రాసేవాళ్ళు, అంతే తేడా. ఎత్తి రాయడానికి కుదరని ప్రశ్న ఇవ్వాలి.

దానికి కొత్తగా ఏం వెతకబళ్ళా, వాళ్ళు తెచ్చిన ఫోటోనే చాలు. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుంటే వెనక సీట్లో ఒక తెల్లాయన బిగుసుకుని కూర్చున్న ఫోటోనే అయ్యుంటది, పందెం కడతా. సీటు ఇవ్వనని తెగేసి చెప్పిన రోజుది అని దాన్ని తెగ తిప్పుతుంటారు, కాదు. అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో ఆమెని అరెస్టు చేసింది 1955 డిసెంబర్ 1న. ఈ ఫోటో తీసింది 1956 డిసెంబర్ 21న, అంటే నల్లవాళ్ళు 381 రోజులు బస్సెక్కకుండా నడిచి, కోర్టులో గెలిచి, ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు అన్నాక పత్రికల కోసం కూర్చోబెట్టి తీసింది. వెనకాయన సీటు కోసం గొడవపడ్డోడు కాదు, నికొలస్ క్రిస్ అని ఒక వార్తాసంస్థ విలేకరి! 7053 నెంబరుతో పోలీసులు తీసిన ఇంకో ఫోటో ఉంది చూడండి, దాన్ని కూడా మొదటి అరెస్టుదే అంటారు, అది 1956 ఫిబ్రవరిలో బస్సుల బహిష్కరణ చేసినందుకు నాయకుల్ని మూకుమ్మడిగా పట్టుకున్నప్పటిది.

ఇప్పుడు ఈ రెండు ఫోటోలూ గ్రూపుకొకటి ఇచ్చి, ఎవరు తీశారు, ఎప్పుడు, ఎందుకు, పక్కనున్నది ఎవరు, కింద రాసింది నిజమా అని అడగండి. గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకడం మీరొకసారి ప్యానెల్ మీద చూపిస్తే ఆ తర్వాత వాళ్ళే మీకు నేర్పిస్తారు. ఒక్క సైటు చూసి ఆపకూడదు, కనీసం రెండుచోట్ల ఒకటే తేదీ కనపడాలి అని రూలు పెట్టండి. జవాబు ఐదు వాక్యాలు, సొంత ఇంగ్లీషులో, తప్పులున్నా పర్లేదు. డబ్ల్యూహెచ్ ప్రశ్నలూ సింపుల్ పాస్టూ దాంట్లోనే వచ్చేస్తాయి, పబ్లిక్ పరీక్షకి వేరే కూర్చోబెట్టి రుద్దే పని సగం తప్పుద్ది.

అది అయినాక రెండో పని ఇవ్వండి. ఆమెకన్నా ముందు అదే ఊళ్ళో అట్నే సీటు ఇవ్వనన్నది ఎవరు అని వెతకమనండి. క్లాడెట్ కాల్విన్ అనే పిల్ల దొరుకుద్ది. 1955 మార్చి 2, అంటే తొమ్మిది నెలల ముందే, పదిహేనేళ్ళు, మన టెన్త్ పిల్ల వయసు. బస్సుల్లో సీట్లు విడదీసే చట్టాన్ని కొట్టేయించిన కేసులో వాదులైన నలుగురు ఆడవాళ్ళలో ఆ పిల్లా ఒకతె. అయినా చిన్నపిల్ల, పేదింటి పిల్ల, ఈమెని ముందు పెట్టి ఉద్యమం నడపలేం అని అప్పటి పెద్దవాళ్ళు అనుకున్నారు. రోసా పార్క్స్‌కి అప్పుడు 42 ఏళ్ళు, కుట్టుపని చేసేది, ఎన్ఏఏసీపీ అనే హక్కుల సంఘానికి ఆ ఊరి శాఖలో సెక్రటరీగా పనిచేసిన మనిషి. కాళ్ళు నొప్పి పుట్టి లేవలేదు అని నెట్లో రాస్తారే, అది ఆమెని చిన్నబుచ్చే మాట, ఆమే కాదని చెప్పింది. ఒకామె పేరు పుస్తకాలకెక్కి ఇంకో పిల్ల పేరు ఎందుకు ఎక్కలా అని అడగండి, అప్పుడు చూడండి సార్ వెనక బెంచీ కూడా నోరు తెరుస్తుంది, ఎందుకంటే పేదింటోళ్ళని వెనక్కి నెట్టడం వాళ్ళకి తెలియని సంగతేం కాదు.

ఇంక ఆ నవ్వు. గ్రామర్‌లోకి దూరి తప్పించుకోవడం మాత్రం నాకు నచ్చలా, మొహమాటం లేకుండా చెప్తుండా. ఆ నవ్వు గురించి మాట్లాడకుండా అలబామా గురించి ఎంత చెప్పినా దండగే. అట్లని ఆ పిల్లోడిని లేపి నిలబెట్టి "ఇట్లాంటోళ్ళని ఏడిపించకూడదు" అని ఉపన్యాసం ఇవ్వబోకండి, అది ఇంకా నరకం వాడికి. ఎవరి పేరూ ఎత్తకుండా తలా ఒక చీటీ ఇచ్చి, నన్ను ఎవరైనా అని నాకు బాధేసిన మాట ఒకటి రాయండి, పేరొద్దు, తెలుగులో రాసినా పర్లేదు అనండి. చీటీలు ముందు మీరు ఇంటికి తీసుకుపోయి చదవండి, ఎవరిదో తెలిసిపోయేవి పక్కన పెట్టేయండి. రంగు మీద వస్తాయి, లావు సన్నం మీద వస్తాయి, భాష మీద వస్తాయి, మన జిల్లాల్లో యానాది అనే మాటని తిట్టుకింద వాడే దరిద్రం ఇంకా పోలా కాబట్టి అదీ వస్తది, ఆ పిల్లలు మీ క్లాసులోనే ఉంటారు, జాగ్రత్త. ఆ తర్వాత రోజు, ఎదుటోడు ఇట్లా అంటే ఇంగ్లీషులో ఏమని తిరిగి చెప్పొచ్చు, పక్కనున్నోడు ఏమనాలి, ఈ రెండిటి మీదా చిన్న డైలాగులు రాయించండి. డైలాగు రాయడం ఎట్నూ సిలబస్‌లో ఉన్నదే కదా, హెడ్‌మాస్టరు అడిగినా చెప్పుకోవచ్చు.

ఇంకోమాట, మీ క్లాసులో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో, మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరు విడిగా తింటున్నారో ఒక వారం ఊరికే చూడండి. చూసి ఏం ప్రకటన చెయ్యబళ్ళా, గ్రూపు వర్కు పేరుతో సీట్లు మార్చెయ్యండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కావలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎక్కడో అమెరికాలో నల్లోళ్ళు తెల్లోళ్ళు కొట్టుకుంటే మా పిల్లకెందుకండీ? ఇంగ్లీష్ అంటే గ్రామరూ స్పోకెనూ చెప్తే చాలదా? పైగా ప్రాజెక్టు అని చెప్పి రాత్రి పదింటి దాకా ఫోను వదలదు, అడిగితే రేసిజం గురించి చూస్తున్నా నాన్నా అంటది.

జవాబు: ఫోను సంగతిలో మీరు చెప్పేదే కరెక్టు. ఇరవై నిమిషాల్లో తేలని నెట్ పని ఇచ్చారంటే టీచరు దాన్ని సరిగ్గా ఆలోచించలేదని అర్థం. ఏం వెతకాలో ముందు నోట్‌బుక్కులో ప్రశ్న రాసుకుని అప్పుడే ఫోను అడగాలి, అది కూడా హాల్లో కూర్చుని, జవాబు రాయడం ఫోను తిరిగిచ్చాక. క్లాసులో డేటా వేయించుకోలేని ఇళ్ళ పిల్లలూ ఉంటారు కాబట్టి ఆ పని బళ్ళోనే చేయించమని పేరెంట్స్ మీటింగులో మీరే అడగండి, టీచరుకి కోపం రాదు, వస్తే రానియ్యండి.

రెండోదానికి మాత్రం ఒప్పుకోను. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి దళితుల్ని రానియ్యాలని పొట్టి శ్రీరాములు గారు 1946లో నిరాహారదీక్షకి కూర్చున్నారు, మనకి ఆయన రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన సంగతే గుర్తు, ఇది గుర్తుండదు. అదే సంవత్సరం అంబేద్కర్ అమెరికాలో నల్లవాళ్ళ మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాసి, మీవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ కాపీ పంపించండి అని అడిగితే ఆయన జవాబు రాశాడు. 1959లో అమెరికా నల్లవాళ్ళ హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చినప్పుడు కేరళలో దళిత పిల్లల బడికి పోతే అక్కడి ప్రిన్సిపాల్, అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడు అని పిల్లలకి పరిచయం చేశాడంట. కింగ్‌కి ముందు చురుక్కుమన్నా, తర్వాత ఆలోచించి అవును నేనూ అంతే అనుకున్నానని ఆయనే 1965లో చర్చి ప్రసంగంలో చెప్పుకున్నాడు. ఎక్కడో అమెరికా అంటారే, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడో గుర్తుపట్టుకున్నారండీ. మన రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్నీ ఒకే వరసలో ఉన్నయ్. ఇదంతా ఇంగ్లీషులో చదివితే మీ అమ్మాయికి స్పోకెనూ వస్తది, గ్రామరూ వస్తది.

పాఠంలో మాట్లాడుకుంటే ఏమొస్తది అంటారా, మన జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడి వాచకంలో తాగుడు కష్టాల కథ చదివి, అది తమ ఇంటి కథే అని మాట్లాడుకోబట్టే 1990ల మొదట్లో సారా కొట్ల మీద పడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా ఆపాల్సి వచ్చింది. వాళ్ళకి కూడా ఎవరో ఒకరు అఆలు నేర్పితే చాలదా అనే ఉంటారులెండి. రేపు మీ అమ్మాయి ఎంఎస్‌కి అని విమానం ఎక్కితే అక్కడ ఆమె రంగు కూడా లెక్కలోకే వస్తది, అప్పుడు ఈ పాఠం ఎందుకని అడగరు మీరు.

ప్రశ్న: టీచర్, నేను కోవూరు, ఎయిత్ క్లాస్. మా ఇంగ్లీష్ హోంవర్క్ గ్రూపులో అబ్బాయిలు నా ఫోటో ఫేస్ క్రీం యాడ్‌లా బిఫోర్ ఆఫ్టర్ చేసి స్టిక్కర్ పెట్టారు. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు. అమ్మకి చెప్తే పౌడర్ రాసుకుని పో అంది. ఇంక బడికి పోబుద్ధి కావట్లా.

జవాబు: తల్లీ, నీ మొహంలో సరిచెయ్యాల్సింది ఏమీ లేదు. ముందు ఆ స్టిక్కరూ, కింద ఎమోజీలు పెట్టినవాళ్ళ పేర్లూ టైముతో సహా కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకో, వాళ్ళు డిలీట్ కొట్టకముందే. గ్రూపులో తిరిగి తిట్టొద్దు, అక్కడ గొడవ పెరిగితే నిన్నే అంటారు. రేపు గ్రూపు అడ్మిన్ ఎవరో ఆ టీచరుకే చూపించు, ఒక్కదానివే పోలేకపోతే నీకు బాగా దగ్గరైన ఫ్రెండుని తీసుకుపో. రెండు రోజుల్లో ఏమీ చెయ్యకపోతే హెడ్‌మాస్టరు. అప్పటికీ ఆపకపోతే 1098కి ఫోన్ చెయ్యి, అది పిల్లల కోసమే పెట్టిన నెంబరు, డబ్బులు పడవు.

ఇది చదివే టీచర్లకి ఒకమాట, హోంవర్క్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేట్టు సెట్టింగ్ మార్చడానికి అర నిమిషం పట్టదు. మార్చకుండా గ్రూపు పెట్టారంటే అది మీ క్లాసురూమే, మీరు లేనప్పుడు తలుపు తీసి వదిలేసిన క్లాసురూము.

వాళ్ళమ్మకి కూడా. అమ్మా, ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్ళే 2020లో జనం తిట్టడం మొదలుపెడితే పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అని పెట్టుకున్నారు. బడ్డీకొట్లో ఇంకా పాత పేరుతోనే అడుగుతున్నాం, అది వేరే సంగతి. కంపెనీకే సిగ్గేసినప్పుడు మనం పిల్లకి పౌడరు పులమడం ఏంటి చెప్పండి.

ప్రశ్న: టీచర్ గారూ నేను ఒంగోలు, టెన్త్. ఇంగ్లీష్ డిబేట్‌లో "ఇంటర్నెట్ వల్ల జాతి సమానత్వం పెరిగింది" అని నాకు వచ్చింది, అవును అనే పక్క మాట్లాడాలి. మూడు నిమిషాలు. పాయింట్లు ఇవ్వండి ప్లీజ్.

జవాబు: పాయింట్లు పది పోగెయ్యొద్దు అబ్బయ్యా, ఒక్కటి గట్టిగా చెప్పు. 2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లాయన పోలీసు మోకాలి కింద చనిపోతే, పోలీసులు మొదట ఇచ్చిన ప్రకటనలో అది వైద్యపరమైన సంఘటన అన్నట్టు రాశారు. డార్నెల్లా ఫ్రేజియర్ అనే 17 ఏళ్ళ పిల్ల తన ఫోన్లో తీసి నెట్లో పెట్టిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే చరిత్ర అయ్యుండేది. ఆ పోలీసుకి 2021 ఏప్రిల్లో హత్యానేరం రుజువైంది, ఆ పిల్లకి అదే ఏడాది, అమెరికాలో పత్రికల వాళ్ళకిచ్చే పెద్ద అవార్డు పులిట్జర్ వాళ్ళు ప్రత్యేక గౌరవం ఇచ్చారు. నీకన్నా రెండేళ్ళే పెద్దది అని చెప్పు, హాలు వింటది. ఆ వీడియో మాత్రం ఎవరికీ చూపించబోకు, చావుని స్టేజీ మీద ఆడించకూడదు.

ఎదుటి పక్కోళ్ళు దేంతో కొడతారో కూడా తెలిసుండాలి. జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు 2018లో మొహం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లని పరీక్షిస్తే, తెల్ల మగవాళ్ళ దగ్గర తప్పులు 0.8 శాతం దాటలా, నల్ల ఆడవాళ్ళ దగ్గర 34.7 శాతం దాకా పోయినయ్. ఇది వాళ్ళు ఎత్తితే కాదని వాదించొద్దు, ఓడిపోతావు. అది నిజమే, కానీ ఆ తప్పు పట్టుకున్నది కూడా నల్లమ్మాయే, ఆ జాయ్ తన మొహాన్ని కంప్యూటరు గుర్తుపట్టకపోతే తెల్ల మాస్కు పెట్టుకుని చూసి మరీ పట్టుకుంది, ఆమె రిపోర్టు లోకమంతా తిరిగింది నెట్ మీదే అని చెప్పు. ఆ ముక్క నీ టైము చివర్లో రిబటల్‌కి, అంటే ఎదురు జవాబుకి దాచుకో, ముందే చెప్పేస్తే వాళ్ళు దానికీ ఒకటి వెతుక్కొస్తారు.