ట్రివియా నైట్‌లో బేస్‌బాల్‌కి కాదు, క్విజ్‌మాస్టర్‌కి భయపడండి

ప్రశ్న: అమెరికాకి కొత్తగా వచ్చాను. ఆఫీసువాళ్లు ట్రివియా నైట్‌కి రమ్మంటున్నారు. చెట్లు, బ్రాండ్లు, టీవీ షోలు, చరిత్ర, ఏదైనా అడుగుతారట. బేస్‌బాల్ అయితే నాకు ముక్క తెలియదు. ఎలా ప్రిపేర్ అవ్వాలి?

తప్పకుండా వెళ్లండి. కానీ ఫోన్లో బిట్లు పెట్టుకుని బట్టీ కొట్టే పని మాత్రం వద్దు. మీరుండే ఊరి సంగతులు తెలుసుకోండి, చాలు. మిగతావన్నీ దానివెంటే వస్తాయి.

నేనుండేది ఒహాయోలోని సిన్సినాటీలో. 1837లో కొవ్వొత్తులు చేసే విలియం ప్రాక్టర్, సబ్బులు చేసే జేమ్స్ గ్యాంబుల్ కలిసి ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పెట్టింది ఇక్కడే. ఇద్దరూ తోడల్లుళ్లు. వేరువేరుగా ఎందుకు, కలిసి వ్యాపారం చేసుకోండని చెప్పింది మామగారు. మన ఇళ్లలో కనిపించే టైడ్, ఏరియల్, విక్స్ ఇప్పుడు ఆ కంపెనీవే. 1933లో బట్టల సబ్బుపొడి అమ్ముకోవడానికి రేడియోలో రోజువారీ కథ ఒకటి మొదలుపెట్టించారు. టీవీ వచ్చాక సీరియళ్లు కూడా వాళ్లే తీయించారు. అంటే సీరియల్ మధ్యలో సబ్బు ప్రకటన రావడం కాదు, ఆ సబ్బు కోసమే సీరియల్ పుట్టింది. మా అత్తగారికి ఇది చెబితే "అందుకే అంత సాగదీస్తారు" అన్నారు.

బేస్‌బాల్ కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆటగాళ్లందరికీ జీతాలిస్తున్నామని బాహాటంగా చెప్పి ఆడించిన మొదటి జట్టు 1869 నాటి సిన్సినాటీ రెడ్ స్టాకింగ్స్. బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీ అయిన మేజర్ లీగ్‌లో దీపాల వెలుగులో మొదటి రాత్రి మ్యాచ్ 1935 మే 24న ఇక్కడే జరిగింది. ఆ దీపాలు వెలిగించడానికి ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో కూర్చుని మీట నొక్కాడు. 1919లో వరల్డ్ సిరీస్, అంటే ఆ లీగ్ ఫైనల్ గెలిచిందీ ఈ ఊరి జట్టే. గెలిచిన ఆనందం ఎంత మిగిలిందంటారా? అవతలి షికాగో జట్టువాళ్లు డబ్బు తీసుకుని ఓడిపోయారని బయటపడింది. కోర్టు నిర్దోషులని వదిలేసినా, ఎనిమిది మందిని ఆట నుంచి జీవితాంతం వెలివేశారు. 2000లో క్రికెట్ కెప్టెన్ క్రోన్యే మ్యాచ్ ఫిక్సింగ్ గొడవ గుర్తున్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

ఇక్కడి నుంచి కారులో రెండు గంటలు వెళ్తే లూయివిల్. పేరున్న బేస్‌బాల్ బ్యాట్లు చేసేది అక్కడే. వందేళ్లకు పైగా వాటికి యాష్ అనే చెట్టు కర్రే ముఖ్యం. ఆసియా నుంచి వచ్చిన ఒక పచ్చ పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది. అప్పటి నుంచి యాష్ చెట్లను కోట్లలో చంపేసింది. ఇప్పుడు పెద్ద ఆటగాళ్లలో ఎక్కువమంది మేపుల్ బ్యాట్లతో ఆడుతున్నారు. చూశారా, చెట్లు కూడా వచ్చేశాయి.

చెట్లంటే గుర్తొచ్చింది. నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇదే.

ఒకసారి ఇక్కడి బారులో ట్రివియా నైట్‌కి వెళ్లాం. నేను, మా ఆవిడ, ఆమెతో పనిచేసే అమ్మాయి, మా పక్కింటి అమెరికన్ పెద్దాయన. చివరి రౌండుకి మేమే ముందున్నాం. మైకులో క్విజ్‌మాస్టర్ "ప్రపంచంలో అతి పెద్ద చెట్టు ఏది?" అన్నాడు. నేను లేచి "పెద్దది అంటే ఎత్తా, లావా, పరుచుకున్న జాగానా?" అని అడిగాను. "పెద్దది అంటే పెద్దదే" అన్నాడు.

నాది కదిరి. చిన్నప్పుడు శివరాత్రికి తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి బండ్లు కట్టుకుని వెళ్లేవాళ్లం. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న చెట్టు. 1989లో గిన్నిస్ బుక్‌కి ఎక్కింది. ఆ నీడలో పులిహోర తిన్నవాణ్ణి పట్టుకుని పెద్ద చెట్టు ఏదని అడిగితే ఊరుకుంటానా? కానీ పెద్దాయన కాలిఫోర్నియాలోని జనరల్ షెర్మన్ అన్నాడు. ఎత్తు 275 అడుగులే అయినా, మొదలులో ఉన్న కలప లెక్కన దాన్ని మించింది లేదు. ఆ అమ్మాయి యూటాలోని పాండో అంది. నూటారు ఎకరాల్లో వేల కాండాలు, కింద వేరు ఒక్కటే. కాగితం మీద ఏం రాయాలో తేలక చివరికి పెద్దాయన మాట నెగ్గింది.

కార్డులో ఉన్న జవాబు హైపీరియన్! అది రెడ్‌వుడ్, 380 అడుగులు. ఎత్తైన చెట్టు, సరే. అడిగింది ఎత్తు కాదు కదా! ఫోన్ తీసి నాలుగు చెట్లూ చూపించాను. "కార్డులో ఏముంటే అదే ఫైనల్" అన్నాడు. నేను వదల్లేదు. బల్ల కింద మా ఆవిడ కాలు తొక్కుతూనే ఉంది, "ఊరుకోండి, అందరూ చూస్తున్నారు" అని. బహుమతి పక్క బల్లకి పోయింది.

ఆ కార్డుల్ని వేదంలా నమ్మేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. కొలంబో అని పాత డిటెక్టివ్ సీరియల్. అందులో హీరో మొదటి పేరు నోటితో చెప్పరు. ఫ్రెడ్ వర్త్ అనే ఆయన తన ట్రివియా పుస్తకాన్ని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి, ఆ పేరు "ఫిలిప్" అని కల్పించి రాశాడు. ట్రివియల్ పర్స్యూట్ ఆట కార్డుల్లో అదే "ఫిలిప్" ప్రత్యక్షమైంది! 1984లో ముప్ఫై కోట్ల డాలర్లకి దావా వేశాడు, ఓడిపోయాడు. తెలిసిన విషయాల మీద ఎవరికీ హక్కు ఉండదన్నారు. ఆయన కల్పించిన పేరు మాత్రం ఎన్ని బల్లల మీద కరెక్ట్ జవాబుగా చెలామణి అయిందో.

ఇక మీ బేస్‌బాల్ సంగతి. మేజర్ లీగ్‌లో ముప్ఫై జట్లు, అందులో టొరంటో ఒక్కటే కెనడాది. మన సిక్సర్లలాంటి హోమ్ రన్లలో బేబ్ రూత్ 714, హ్యాంక్ ఆరన్ 755, బ్యారీ బాండ్స్ 762. ఇంతవరకు చాలు. మిగతాదానికి మీ టీమ్‌లో డెబ్బై దాటిన అమెరికన్ ఒకాయన్ని కూర్చోబెట్టుకోండి. పాత ఆటలు, పాత సీరియళ్లు ఆయన చూసుకుంటాడు. బదులుగా ఎల్‌బీడబ్ల్యూ ఏంటో చెప్పమంటాడు, దానికి మాత్రం ప్రిపేర్ అయి వెళ్లండి.